మూఢంలో ఫుట్‌బాల్

ఆ మంగళవారం పొద్దున నిద్ర లేస్తూనే ఫకీర్ గోడకున్న మూడు క్యాలెండర్లనూ వరసగా చూసి, తృప్తిగా గడ్డం నిమురుకున్నాడు. మొదటిది తెలుగు పంచాంగం క్యాలెండర్. ఆషాఢమాసం, అష్టమి, పైగా మంగళవారం. హిందువుల ఇళ్లల్లో ఆ రోజు పెళ్లి మాట దేవుడెరుగు, పెళ్లిచూపులకు కూడా ఎవరూ గడప దాటరు. రెండోది ఉర్దూ క్యాలెండర్. మొహర్రం నెల నడుస్తోంది కాబట్టి తమవాళ్లలో నికాలు లేవు. మూడోది చర్చి వాళ్లు పంచింది. అందులో మంచిరోజులూ చెడ్డరోజులూ ఏమీ ఉండవు గనుక ఫకీర్ వారం ముందే పాస్టర్ దగ్గరికి వెళ్లి, "ఆ మంగళారం మీ తాన పెండ్లి గిట్ల ఏమన్న ఉన్నదా అయ్యగారూ?" అని అడిగి, లేదనిపించుకుని వచ్చాడు. మూడు మతాల్లోనూ ఎవరూ పెళ్లి చేసుకోని రోజును పట్టుకోవడం అమరచింతలో ఆయనకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

అంత అవసరం ఏమొచ్చిందంటే, ఫకీర్‌కు ఊళ్లో గుల్జార్ టెంట్ హౌస్ ఉంది. ఊరి చివర ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. ఇనుప పైపులు మాత్రం రెండింటికీ అవే.

వయసులో ఉన్నప్పుడు ఆయన హైదరాబాద్‌లో ఒక టెంట్ హౌస్‌లో పనిచేశాడు. ఫుట్‌బాల్ టోర్నమెంట్లకు షామియానాలు వేసేవాడు. తను వేసిన షామియానా కింద పెద్దమనుషులు కూర్చుని ఆవులిస్తుంటే, ఆయన స్తంభం మీదికెక్కి తాడు బిగిస్తున్నట్టు నటిస్తూ మ్యాచ్ మొత్తం చూసేవాడు. ఆ పిచ్చి తలకెక్కించుకుని ఊరికి తిరిగొచ్చి, సొంత టెంట్ హౌస్ పెట్టుకున్నాక, ఊరి చివర సర్కారు బీడులో రాళ్లు ఏరించాడు. నాలుగు పైపులు నిలబెట్టి, రెండు పైపులు అడ్డం కట్టి, మగ్గాల వాడ పిల్లల్నీ మసీదు గల్లీ పిల్లల్నీ పోగేసి బంతి ఇచ్చాడు. క్లబ్ పుట్టింది. మాఘం రాగానే పైపులు పెళ్లిళ్లకు వెళ్లిపోయాయి.

శుక్రమూఢం మొదలై ముహూర్తాలు ఆగిపోయాక గానీ గోల్ పోస్టులు మళ్లీ గ్రౌండ్ మొహం చూడలేదు. అప్పటి నుంచి ఇరవై ఏళ్లకు పైగా అదే పద్ధతి. మూఢాల్లో, శూన్యమాసాల్లో ఆట. ముహూర్తాలు మొదలైతే సెలవు. పురోహితుడు దిగాలుగా అరుగు మీద కూర్చునే రోజుల్లో క్లబ్ పిల్లలు ఎగిరి గంతులేసేవాళ్లు. గద్వాల నుంచో నాగర్‌కర్నూల్ నుంచో ఎవరైనా మ్యాచ్‌కు పిలిస్తే, "పంచాంగం చూసి చెప్త" అనేవాడు ఫకీర్. వాళ్లు దాన్ని భక్తి అనుకునేవాళ్లు.

అట్లాంటి క్లబ్ కూడా పెరిగి పెద్దదైంది. ఆడపిల్లల జట్టు తయారైంది. జిల్లా జట్టులో అమరచింత పిల్లలు లేని ఏడాది లేకుండా పోయింది. సరిగ్గా ఇప్పుడే, ఆ బీడులో కూరగాయల మార్కెట్ కడదామనే మాట మున్సిపాలిటీలో లేచింది. అది ఆటస్థలమేనని క్రీడల ఆఫీసు రాసిస్తే మార్కెట్ ఇంకోచోటికి పోతుంది. రాసివ్వవలసిన ఆఫీసరు రాఘవేందర్ వనపర్తి నుంచి ఫోన్ చేసి, మొహమాటం లేకుండా చెప్పాడు. "గోల్ పోస్టులుండాలె, గీతలుండాలె, పిల్లలు ఆడుతుండాలె. అవి కండ్లతోటి చూస్తె గ్రౌండ్ అని రాస్త. లేకుంటె బీడు అని రాస్త. వచ్చే బుధవారం మీటింగున్నది. దాని లోపల ఏ రోజు రమ్మంటె ఆ రోజు వస్త. కాని ఒక్కసారే వస్త."

ఇంకెవరైనా అయితే మర్నాడే రమ్మనేవాళ్లు. ఫకీర్ మూడు క్యాలెండర్లూ తిరగేసి, మీటింగుకు ముందురోజు పట్టుకున్నాడు. అరవై దాటిన మనిషి. ఆ జాగా పోతే ఇంకో బీడు వెతికి, మళ్లీ రాళ్లు ఏరించే ఓపిక తనకు లేదని ఆయనకు తెలుసు. గ్రౌండ్ పోతే క్లబ్ పోయినట్టే. ఆ సంగతి తలచుకుంటేనే ఆయనకు అన్నం సయించడం లేదు.

ఆషాఢంలో టెంట్ హౌస్‌కు గిరాకీ ఉండదు కాబట్టి, గద్వాలలో ఏదో సభ ఉందంటే సామానంతా అటు పంపేశాడు. గోల్ పోస్టుల ఆరు పైపులు మాత్రం కదలనివ్వలేదు. ఆఫీసరు కూర్చోవడానికి ఒక షామియానా, దానికి నాలుగు పైపులు, కొన్ని కుర్చీలు ఉంచుకున్నాడు. ఆ షామియానా పెళ్లిళ్లది. జరీ కుచ్చులతో, ముందువైపు వేలాడే మఖ్మల్ గుడ్డ మీద 'సుస్వాగతం' అని బంగారు రంగు అక్షరాలతో మెరిసిపోతుంటుంది. డప్పుల వాళ్లకు బయానా ఇచ్చాడు. గులాబీల దండ చెప్పాడు. సోమవారం సాయంత్రానికే పోస్టులకు ఎర్ర రంగూ తెల్ల రంగూ పట్టీలుగా వేసి, సున్నంతో గీతలు గీసి, ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాడు.

మంగళవారం పొద్దున చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడో లేదో, వాకిట్లో భాస్కర్ నిలబడ్డాడు. భాస్కర్ క్లబ్ మొదటి జట్టు కెప్టెన్. ఇప్పుడు కొత్తకోటలో లారీల మెకానిక్. చెప్పులు లేవు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"చాచా, అమ్మ పోయింది," అన్నాడు.

ఫకీర్ గ్లాసు కింద పెట్టేశాడు. భాస్కర్ తల్లి ఎస్తేరమ్మ అంటే ఊరికి ఒక ముసలమ్మ. క్లబ్‌కు మాత్రం కాపలా, కోర్టు, పోలీస్ స్టేషన్, అన్నీ ఆమే. గ్రౌండ్ మూలకు ఆనుకునే ఆమె ఇల్లు. మొదట్లో బంతి వచ్చి జొన్న గటక కుండలో పడిందని దాన్ని కోళ్ల గంప కింద దాచి, వారం రోజులు ఇవ్వలేదు. తర్వాత ఒకరోజు కొడుకు ఆడుతున్నాడంటే చేటతో సహా వచ్చి గీత మీద నిలబడింది. భాస్కర్ బంతి తీసుకుని గోల్ మీదికి పోతున్నాడు. అడ్డంగా ఎవరూ లేరు. సరిగ్గా ఆ క్షణాన కిష్టయ్య వేరుశనగ బండి గ్రౌండ్‌కు అడ్డంపడి వచ్చింది. బంతి వెళ్లి ఎద్దు కడుపుకు తగిలింది. ఎస్తేరమ్మ చేట కిందపడేసి ఎద్దుల పగ్గాలు పట్టుకుని కిష్టయ్యను తిట్టిన తిట్లు ఆత్మకూరు దాకా వినపడ్డాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ రోజు నుంచి బండి కాదు, బర్రె కాదు, చెప్పులేసుకున్న మనిషి కూడా ఆ గ్రౌండ్ అడ్డంగా దాటలేదు. పైపులు పెళ్లిళ్లకు పోయి, గీతలు చెరిగిపోయి, వట్టి నేల మిగిలిన నెలల్లోనూ ఆమె కాపలా ఆగలేదు. తిట్లు తిన్న కిష్టయ్య సిగ్గుపడి మర్నాడు బంతి కొనిచ్చాడు. ఆ తర్వాత క్లబ్‌కు అధ్యక్షుడయ్యాడు.

"ఎస్తేరక్క పోయిందా..." అని ఫకీర్ గోడకు చేరబడ్డాడు. తేరుకుని, "షామియానా, కుర్చీలు నేనే తీస్కొస్త పా బిడ్డా. నువ్వు ఇంటికాడ ఉండు," అన్నాడు. చావుకు వేసే టెంటుకు గుల్జార్ టెంట్ హౌస్ ఏనాడూ కిరాయి తీసుకోలేదు. ఇది కిరాయి మాట కాదు, సొంత అక్క పోయిన మాట.

లోపలి నుంచి భార్య సుల్తానాబీ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. "పంతులు లెక్క చూసినవ్, మనోళ్లది చూసినవ్, పాస్టర్‌ను గూడ అడిగినవ్. ప్రాణాలు తీస్కపోయేటాయనను ఒక్కన్ని అడగకపోతివి," అంది. అందులో ఎత్తిపొడుపు ఎంతో, ఏడుపు ఎంతో ఆమెకే తెలియదు.

ఆఫీసరు కోసం ఉంచిన షామియానా ఆ విధంగా ఎస్తేరమ్మ ఇంటి ముందుకు వచ్చింది. 'సుస్వాగతం' కనపడకుండా ఫకీర్ ఆ మఖ్మల్ గుడ్డను లోపలికి మడిచి కట్టాడు. ఆఫీసరు కుర్చీలు వచ్చాయి. ఆఫీసరుకు స్వాగతం చెప్పవలసిన డప్పుల వాళ్లు, వాళ్లకూ ఎస్తేరమ్మ చుట్టమే కాబట్టి, ఎవరూ పిలవకుండానే వచ్చారు. గులాబీల దండ కూడా పూలబుట్టలో చేరి ఇక్కడికే వచ్చింది. క్లబ్ పిల్లలు, ఇంట్లో ఉన్నవాటిలో ఉతికిన బట్టలు అవే గనుక, మ్యాచ్ కోసం తీసిపెట్టుకున్న నీలం జెర్సీలతోనే వచ్చి రెండు వరసల్లో నిలబడ్డారు. ఇన్ని వచ్చినా ఫకీర్ ధైర్యంగానే ఉన్నాడు. గ్రౌండ్‌లో పోస్టులున్నాయి, గీతలున్నాయి. మధ్యాహ్నానికల్లా సమాధి చేసి మట్టి అయిపోతే, మూడింటికి ఆట ఆడొచ్చు.

అప్పుడు ముసురు పట్టింది. కాసేపటికి అది వాన అయింది. భాస్కర్ అక్క రాయచూరు నుంచి బయల్దేరిందనీ, ఆమె వచ్చేదాకా శవపెట్టె కదలదనీ తెలిసింది. మగ్గాల వాడ కదిలొచ్చింది, మసీదు గల్లీ కదిలొచ్చింది, పాత ఆటగాళ్లు అమ్రాబాద్ నుంచి కూడా బస్సెక్కామని ఫోన్లు చేశారు. ఒక్క షామియానా అంతమందికి చాలడం లేదు. జల్లు వచ్చి ఎస్తేరమ్మ కాళ్ల మీద పడుతోంది.

ఫకీర్ ఒక టార్పాలిన్ భుజాన వేసుకుని గ్రౌండ్ వైపు నడిచాడు. కిష్టయ్యకు అర్థమైంది. వెంటపడి గోల్ పోస్టు ముందు చేతులు చాపి నిలబడ్డాడు.

"ఫకీర్ భాయ్, దీన్ని ముట్టకు. మూడు గొట్టంగ సార్ వస్తడు."

"అక్క తడుస్తుంది కిష్టన్నా."

"పోయినామెకు తడి తెల్వది. గ్రౌండ్ పోతె మళ్ల రాదు. జర సోంచాయించు."

"ఆమె లేకుంటె ఈ గ్రౌండ్ ఏడిది? నీ బండ్లకు బాట అయ్యేది."

కిష్టయ్య చాపిన చేతులు దించాడు. వాన నీళ్లో కన్నీళ్లో తెలియకుండా మొహం తుడుచుకున్నాడు. ఆ తర్వాత మొదటి పైపును మట్టిలోంచి ఊడబెరికింది ఆయనే. సున్నపు గీతలు అప్పటికే పాలలాగా కరిగి కాల్వలోకి పోతున్నాయి.

రాఘవేందర్‌కు ఫోన్ చేస్తే అందలేదు. ఆఫీసుకు చేస్తే, సార్ బయల్దేరిపోయాడని ఎవరో చెప్పి పెట్టేశారు. ఫకీర్ తన కొడుకు పర్వేజ్‌ను పిలిచాడు. "ఆటో తీస్కొని కొత్తకోటకు పో. సార్ జీబు అట్లనే రావాలె. ఆపి దాబాల కూసోబెట్టు. మటన్ తినిపియ్యి. మెల్లగ తినిపియ్యి. మట్టి అయ్యేదాక లెవ్వనియ్యకు."

"సార్ ఎట్లుంటడు అబ్బా?" అన్నాడు పర్వేజ్.

"ఎట్లుంటడేంది? ఆఫీసర్ లెక్క ఉంటడు."

పర్వేజ్‌కు అది చాలనిపించింది. కొత్తకోట హైవే పక్కన నిలబడి, తెల్ల జీపులో నల్ల కళ్లద్దాలతో, ముందు సీట్లో దర్జాగా కూర్చున్న మనిషిని ఆపి, "అమరచింత ఫుట్‌బాల్ క్లబ్ తరఫున మీకు దావత్ సార్" అని చెయ్యి పట్టుకుని దించుకున్నాడు. ఆ మనిషి కాదనలేదు. వానలో ఎవరు కాదంటారు? సరిగ్గా అదే సమయంలో పక్కనుంచి ఒక మోటర్ సైకిల్, దాని మీద రెయిన్‌కోటులో ఒక బక్కపలచటి మనిషి, బురద చిమ్ముకుంటూ ఆత్మకూరు వైపు వెళ్లిపోయారు. ఆ బక్కపలచటి మనిషి రాఘవేందర్. వాన ముదరకముందే పని ముగించుకుందామని తొందరగా బయల్దేరాడు.

అమరచింతలో చాయ్ హోటల్ దగ్గర ఆగి, "ఫుట్‌బాల్ క్లబ్ యాడున్నదండి?" అని అడిగాడు. హోటల్ ఆయన గిన్నె కడుగుతూ తలెత్తకుండా, "సప్పుడు వినబడుతలేదా సార్? క్లబ్బంత ఆడనే ఉన్నది" అని డప్పుల చప్పుడు వైపు చెయ్యి చూపించాడు. అబద్ధమేమీ కాదు.

రాఘవేందర్ ఆ సందు మలుపు తిరిగేసరికి, ఆయనకు కనిపించింది ఇది. జరీ కుచ్చుల షామియానా. దాన్ని ఆనుకుని ఎర్ర తెల్ల పట్టీల పైపులతో ఇంకో పందిరి. గాలికి మడత విడిపోయి, ముందు రెపరెపలాడుతున్న 'సుస్వాగతం'. రెండువైపులా వరసగా నీలం జెర్సీల్లో ఆటగాళ్లు. డప్పులు. చావు డప్పు ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియక కాదు. తనకు స్వాగతం ఉంటుందని అనుకుంటూ వచ్చిన మనిషికి ఏ డప్పయినా స్వాగతంలాగే వినిపిస్తుంది. 'ఇంత హంగామా అక్కర్లేదని చెప్పాల్సింది' అనుకుంటూ, మొహం గంభీరంగా పెట్టుకుని, పిల్లల వరసల మధ్యనుంచి నడిచాడు.

వచ్చినవాళ్లకు పూలు అందించే పని కిష్టయ్యది. కళ్లద్దాల మీద వాన చుక్కలు, కళ్లల్లో నీళ్లు. ఎవరొచ్చారో చూడకుండా బుట్టలో చెయ్యి పెట్టి, చేతికందిన గులాబీల దండ తీసి ఆయన చేతుల్లో పెట్టాడు.

"ఎందుకండీ ఇవన్నీ," అన్నాడు రాఘవేందర్ మొహమాటంగా. ఎవరూ మెడలో వెయ్యకపోవడం చూసి, పల్లె మనుషులకు పద్ధతి తెలియదు కాబోలనుకుని, తనే తలవంచి వేసుకున్నాడు. అందరి వైపూ తిరిగి నమస్కారం పెట్టాడు. "ఏర్పాట్లు చాల మంచిగ చేసిండ్రు. థాంక్స్."

ఒక్కరూ నవ్వలేదు. డప్పులు ఆగిపోయాయి. ఏడుస్తున్నవాళ్లు ఏడుపు ఆపి చూశారు. ఆ నిశ్శబ్దంలో రాఘవేందర్ ఒక అడుగు ముందుకు వేసి, కుర్చీ కోసం చూసి, పెట్టెలో పడుకున్న ఎస్తేరమ్మను చూశాడు.

ఆయన మొహంలో నెత్తురు లేకుండా పోయింది. మెడలో దండ తీసి, ఆమె పాదాల దగ్గర పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. ఎక్కడికీ పోలేదు. ఆ ఒక్క పనితో జనం ఆయన్ను క్షమించేశారు. ఎవరో కుర్చీ జరిపారు కూడా.

అప్పుడే ఫకీర్ ఫోన్ మోగింది. అవతల పర్వేజ్ సంతోషంగా అరుస్తున్నాడు. "అబ్బా, సార్ రెండో ప్లేట్ తింటుండు! గ్రౌండ్ సంగతి నేను చూస్కుంట, నువ్వు పరేషాన్ గాకు అంటుండు!"

ఫకీర్ రెయిన్‌కోటు మనిషిని ఒకసారి, ఫోన్‌ను ఒకసారి చూశాడు. పక్కకు జరిగి, మెల్లగా, "పేరేందో అడుగు" అన్నాడు. కాసేపటికి జవాబు వచ్చింది. ఆయన పత్తి విత్తనాల కంపెనీ మనిషి. రాయచూరు పోతున్నాడు. అన్నం పెట్టి అడిగారు గనుక మంచిమాట చెప్పాడు, అంతే.

ఫకీర్ ఫోన్ జేబులో పెట్టుకుని రాఘవేందర్ దగ్గరికి వచ్చాడు. "నేనే సార్, ఫకీర్‌ను. మాఫ్ చెయ్యుండ్రి. మా అక్క పోయింది."

"నేనే మాఫ్ అడగాలె," అన్నాడు రాఘవేందర్. కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "మరి మీ గోల్ పోస్టులు?" అన్నాడు.

"మీరు వాటి కిందనే ఉన్నరు సార్."

రాఘవేందర్ తలెత్తి చూశాడు. ఎర్రా తెల్లా పట్టీల అడ్డపైపు మీదుగా టార్పాలిన్ నీళ్లు ఓడుస్తోంది. ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. తర్వాత, మంచివాడే గనుక, బాధగానే చెప్పాడు. "భాయ్, నాకు సమజైంది. కాని లేనిదాన్ని ఉన్నదని ఎట్ల రాయాలె? పోస్టులు లేవు, గీతలు లేవు, ఆట లేదు. మార్కెట్ అడుగుతున్నోళ్లు రేపు ఫొటోలు తీసి చూపెడతరు. ఇది అయిపోయినంక తెచ్చి పెడతరా?"

ఫకీర్ తల అడ్డంగా ఊపాడు. పోయినవాళ్ల ఇంటి ముందు వేసిన పందిరిని, మట్టికి పోయినవాళ్లు తిరిగొచ్చి కాళ్లు కడుక్కుని కూర్చోకుండా విప్పకూడదు. అప్పటికి చీకటి పడుతుంది. ఆయనకు బతిమాలాలని నోటిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ల క్లబ్ కళ్ల ముందే పోతున్నట్టనిపించింది. కానీ ఎస్తేరమ్మను పక్కన పెట్టుకుని ఆ మాట అడగలేకపోయాడు. "మట్టికి పోదాం పాండ్రి సార్," అని మాత్రం అన్నాడు.

రాయచూరు కూతురు వచ్చింది. ప్రార్థన అయింది. భాస్కర్, అతని తోటి పాత ఆటగాళ్లూ పెట్టె భుజాలకెత్తుకున్నారు. సమాధుల తోట గ్రౌండ్‌కు అవతలి పక్కన ఉంది. అంటే ఎస్తేరమ్మ ఇంటి నుంచి గ్రౌండ్‌కు అడ్డంపడి పోతే కళ్లు మూసి తెరిచేలోపు చేరొచ్చు. చుట్టూ తిరిగితే వానలో, బురదలో, బరువుతో చాలా దూరం. రాఘవేందర్ గ్రౌండ్ అంచున నిలబడి చూశాడు. గోల్ పోస్టు లేదు, గీత లేదు, చిన్న జెండా లేదు. ఎర్రటి బురద నేల, అంతే. 'బీడు' అని రాయడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదనిపించి ఆయన మనసు చివుక్కుమంది.

"నడిమిట్లకెల్లి పోదమా? వాన పెద్దగైతుంది," అన్నాడు పాస్టర్. ఆయన ఈ ఊరికి కొత్త.

భాస్కర్ గ్రౌండ్ అంచుకు వచ్చి, కుడివైపు తిరిగాడు. పెట్టె తిరిగింది. వెనక జనమంతా తిరిగారు. లేని గీత వెంబడి, ఒకరి వెనక ఒకరు, సన్నటి బాటలో నడవడం మొదలుపెట్టారు. మూల దగ్గరికి వచ్చాక, అక్కడ ఏమీ లేకపోయినా, అందరూ ఎడమకు తిరిగారు. ఒక్క కాలు కూడా లోపలికి పడలేదు. పెద్దవాళ్లు జారిపడబోతే పట్టుకుంటున్నారే గానీ, పక్కన గట్టిగా ఉన్న నేల మీదికి ఎవరూ అడుగు వెయ్యడం లేదు.

రాఘవేందర్‌కు ఇది ఏదో ఆచారం అనిపించింది. తనకు పట్టింపు లేదు కదా అని, బూట్లు బురదలో కూరుకుపోకుండా అడ్డంగా నాలుగడుగులు వేశాడు. వెనక నుంచి రాగం తీసి ఏడుస్తూ వస్తున్న దేవమ్మ అనే ముసలావిడ ఏడుపు ఠక్కున ఆపింది.

"ఓ సారూ! గ్రౌండ్ల బూట్లేస్కొని నడుస్తరా? ఎస్తేరమ్మ చూస్తె ఊకుంటదా?"

రాఘవేందర్ ఉలిక్కిపడి ఆగాడు. చుట్టూ చూశాడు. "గ్రౌండ్ యాడుందమ్మా?"

"మీరు నిలబడ్డదేంది మరి? పెనాల్టీ కాడ ఉన్నరు. ఇవతలికి రాండ్రి," అని దేవమ్మ చెయ్యి ఊపి, ఆయన గీత బయటికి వచ్చేదాకా కదలకుండా నిలబడి, వచ్చాక, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే రాగం అందుకుంది.

రాఘవేందర్ వంగి బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాడు. వరసలో కలిసి, మూల దగ్గర అందరితోపాటు తిరిగాడు. అక్కడి నుంచి చూస్తే మొత్తం కనిపించింది. ముందు పెట్టె, వెనక ఊరు, వానలో ఒక పెద్ద దీర్ఘచతురస్రం అంచుల వెంబడి తిరుగుతున్నారు. మధ్యలో నేల ఖాళీగా, ఎవరూ ముట్టకుండా ఉంది. ఆయన పక్కన నడుస్తున్న ఫకీర్ అంతదాకా బిగపట్టుకున్న ఏడుపు ఆపుకోలేక, అందరూ చూస్తుండగా చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎస్తేరమ్మ జీవితమంతా ఎవరినీ అడ్డం పోనివ్వలేదు. ఆఖరికి తనూ అడ్డంగా పోలేదు.

మట్టి అయ్యాక రాఘవేందర్ మోటర్ సైకిల్ దగ్గర నిలబడి, "పోయొస్త భాయ్. గ్రౌండ్ చూసిన," అన్నాడు.

"ఏం చూసిండ్రు సార్? పోస్టులు లేకపాయె, ఆట లేకపాయె," అన్నాడు ఫకీర్.

"గీతలు చూసిన," అన్నాడు రాఘవేందర్.

బుధవారం మీటింగులో మార్కెట్ ఇంకోచోటికి మారిపోయింది. అంతటితో ఆగితే బాగుండేది. రాఘవేందర్‌కు ఆ టార్పాలిన్ కింది గోల్ పోస్టులు కళ్లల్లోంచి పోలేదు. నాలుగు ఆఫీసులు తిరిగి, దీపావళి దాటేసరికి అమరచింతకు కొత్త గోల్ పోస్టులు తెప్పించాడు. లావుపాటి గొట్టాలు. ఎవరూ ఊడబెరకకుండా లోతుగా గుంతలు తీసి, కాంక్రీటు పోసి బిగించారు. ఫకీర్ వాటిని చేత్తో ఊపి చూశాడు. కదల్లేదు. ఇక టెంటు పైపులు టెంటువి, ఆట పైపులు ఆటవి. పెళ్లిళ్లతో నిమిత్తం లేకుండా ఏడాది పొడవునా ఆడొచ్చని పిల్లలకు చెప్పి, ఇంటికొచ్చి పంచాంగం క్యాలెండర్‌ను గోడ మీది నుంచి తీసేశాడు.

మాఘం వచ్చింది. ఒకరోజు పొద్దున మగ్గాల వాడ పెద్దలు వచ్చి చాప మీద కూర్చున్నారు. కొత్త పోస్టులు చాలా గట్టిగా ఉన్నాయట. వాటికి కడితే ఎంత గాలికీ షామియానా లేవదట. పైపులు ఇంటిదాకా రాలేవు కాబట్టి, పెళ్లే పైపుల దగ్గరికి వస్తుందట. ఫకీర్ కోపంగా నోరు తెరిచాడు. అందరూ గీత అవతలే చెప్పులు విడుస్తారనీ, బారాత్ కూడా గ్రౌండ్ చుట్టూ తిరిగే వస్తుందనీ, పెళ్లికొడుకు ఉత్త కాళ్లతోనే పీట ఎక్కుతాడనీ వాళ్లు చెప్పారు. ఎస్తేరమ్మ మీద ఒట్టు కూడా వేశారు. ఆయన తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ పెళ్లి అయిందో లేదో, ఇంకో పెళ్లి వాళ్లు వచ్చారు. వాళ్లను చూసి మరొకరు. సాయంత్రం బంతి చంకన పెట్టుకుని వచ్చిన పిల్లలు, గోల్ పోస్టులకు కట్టిన అరటి చెట్లనూ మామిడాకులనూ చూసి, టెంట్ హౌస్ ముందు వరసగా నిలబడ్డారు.

ఫకీర్ లోపలికి వెళ్లి, పంచాంగం క్యాలెండర్ తెచ్చి మళ్లీ గోడకు తగిలించి, శుక్రమూఢం ఎప్పుడో వెతకడం మొదలుపెట్టాడు.